కొత్త డాక్ కొనే ముందు ప్యాడ్లు చూసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెకండ్ హ్యాండ్‌లో మంచి ప్లేనార్ (పల్చటి సమతల పొర కదిలి మోగే రకం) ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ తీసుకున్నారు, ఇంపీడెన్స్, అంటే కరెంటుకి పెట్టే అడ్డు, 60 ఓమ్‌లు, సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో అది, మిల్లీవాట్‌కి 83 డెసిబెల్స్. లాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్ గుచ్చుకునే చిన్న డాంగిల్ తగిలించి వింటున్నారు. అందరూ ఆహా ఓహో అన్న హెడ్‌ఫోన్ మీ చెవికి మాత్రం చప్పగా ఉంది, బేస్ లేదు, పాడేవాళ్ల గొంతు ఎక్కడో పక్క గదిలోంచి వస్తున్నట్టుంది, ట్రెబుల్ గుచ్చుతోంది. ఇప్పుడు పెద్ద డాక్ (డిజిటల్ ఫైల్‌ని సౌండ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) కొనాలా, వెండి కేబుల్ వేయించాలా అని అడిగారు. పనిలో పనిగా మీ ఐఈఎమ్‌ని, అంటే చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్‌ని, స్నేహితుడి పెద్ద యాంప్‌కి (యాంప్లిఫయర్‌కి) పెడితే సర్రుమని హిస్ ఎందుకు వస్తోందని కూడా అడిగారు.

రెండూ వద్దు. ఈ వారం ప్యాడ్లు తప్ప అసలు ఏమీ కొనకండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా మొదటి అనుమానం చెవి చుట్టూ ఉండే మెత్తని ప్యాడ్ల మీద, రెండోది పవర్ మీద, ఆ తర్వాత ఈక్యూ, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినపడాలో సర్దే ఈక్వలైజర్. డాక్ మీద నాకు అనుమానమే లేదు, కేబుల్ సంగతి చివర్లో ఎక్కడైనా చెబుతాను. పదిహేనేళ్లుగా ఈ గొడవలో ఉన్నాను, నా దగ్గరికి వచ్చి "సౌండ్ బాలేదు" అన్నవాళ్లలో ఎక్కువమందికి తేడా వచ్చింది చెవి దగ్గరే, డబ్బు పెట్టింది మాత్రం చెవికి దూరంగా ఉన్న పెట్టెల మీద.

ముందు ఒక పరీక్ష చేయండి. ఏదైనా టోన్ జనరేటర్ యాప్‌లో 50 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టండి, వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టి హాయిగా వినపడేదాకా తీసుకురండి. హెడ్‌ఫోన్ రోజూ పెట్టుకునేలాగే పెట్టుకుని కాసేపు వినండి. తర్వాత రెండు కప్పుల అంచులను వేళ్లతో పట్టుకుని తల వైపు మెల్లగా నొక్కండి. బయటి గ్రిల్‌ను అరచేత్తో మూయకండి, మూస్తే సౌండే వేరైపోతుంది, పరీక్ష చెల్లదు. నొక్కగానే ఆ టోన్ ఒక్కసారిగా నిండుగా లేచిందా? అయితే మీ బేస్ ఎక్కడికీ పోలేదు, ప్యాడ్‌కీ చెంపకీ మధ్య సందులోంచి కారిపోతోంది, అంతే.

ఓపెన్ బ్యాక్ అంటేనే గాలి ఆడేది కదా, దానికి సీల్ ఏంటి అని చాలామంది అడుగుతారు. తెరిచి ఉండేది వెనకవైపు. ముందువైపు, అంటే సౌండ్ పుట్టించే పొరకీ (డయాఫ్రమ్‌కీ) మీ చెవికీ మధ్య ఉన్న చిన్న గాలి గది మూసుకుని ఉండాలి. కింది ఫ్రీక్వెన్సీలు చెవికి చేరేది ఆ గదిలో గాలి ఒత్తిడి పెరిగి తగ్గడం వల్లే. ఆ గదికి సందు పడితే పంక్చరైన ట్యూబ్‌కి గాలి కొట్టినట్టే, ఎంత కొట్టినా నిలవదు. పైగా పోయేది బేస్ ఒక్కటే, మిడ్స్‌కీ ట్రెబుల్‌కీ పెద్దగా ఏమీ కాదు. అందుకే బేస్ పోయిన హెడ్‌ఫోన్‌లో ట్రెబుల్ ఎక్కువైనట్టు అనిపిస్తుంది. మీకు గుచ్చుతున్న ట్రెబుల్‌లో సగం ఇదే అయి ఉండొచ్చు. ప్లేనార్లలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ఎందుకంటే సీల్ సరిగ్గా ఉంటే వాటి బేస్ 20, 30 హెర్ట్జ్ దాకా దాదాపు సమంగా దిగుతుంది.

కళ్లజోడు ఉందా మీకు? రాయలేదు. నా విషయం చెబుతాను. కొన్నేళ్ల కింద నా ప్లేనార్ మెల్లమెల్లగా పల్చబడుతూ వచ్చింది, ఒక్కరోజులో కాదు, ఏడాదిలో. యాంప్ మార్చాను, కొంచెం బాగుందనిపించింది, నెలకి మళ్లీ అదే. డ్రైవర్ పాడైందేమోనని సర్వీసుకి కూడా పంపాను, ఏమీ లేదని తిరిగొచ్చింది. ఒక రాత్రి వింటూ వింటూ అద్దాలు తుడుచుకుందామని, హెడ్‌ఫోన్ తీయకుండానే కళ్లజోడు బయటికి లాగాను. మృదంగం ఎడమ వైపు మోత, ఆ తొప్పి దెబ్బ, ఒక్కసారి గదిలోకి వచ్చి కూర్చుంది. మళ్లీ జోడు పెట్టాను, పోయింది. తీశాను, వచ్చింది. తర్వాత ప్యాడ్లు విప్పి బల్ల మీద పెట్టి చూస్తే వెనకవైపు బొటనవేలంత మందం ఉండాల్సింది చిటికెనవేలంత అయింది. కొత్తగా ఉన్నప్పుడు ఆ స్పాంజే కళ్లజోడు కాడ చుట్టూ సర్దుకుని సందు మూసేసేది, అణిగిపోయాక మూయలేకపోయింది. కొత్త ప్యాడ్లు వేసి, జోడుకి సన్న కాడల ఫ్రేమ్ తీసుకున్నాను. ఆ రోజు నుంచి ఎవరు సౌండ్ బాలేదన్నా ముందు ప్యాడ్లు చూపించమంటాను.

మీది సెకండ్ హ్యాండ్. ప్యాడ్లు ఎన్నేళ్లవో అడిగారా? పై తోలు మెరుస్తూనే ఉండొచ్చు, లోపలి స్పాంజి చచ్చిపోయి ఉండొచ్చు. వేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి, తీరిగ్గా లేస్తోందంటే మార్చే టైమ్ వచ్చినట్టే. చెవి తమ్మె కింద, దవడ వెనక ఒక గుంట ఉంటుంది చూడండి, ఎక్కువమందికి లీకయ్యేది అక్కడే. హెడ్‌బ్యాండ్ ఒక గడి పొడవు పెంచితేనో తగ్గిస్తేనో ఆ గుంట మూసుకుంటుంది. కప్పు కింద చెవి వెనకకి ఒక కాగితం ముక్క దూర్చి చూడండి, అది ఎక్కడా ఆగకుండా దూరిపోతుంటే సీల్ లేనట్టే. కప్పుల లోపలికి జుట్టు పోకుండా చూసుకోండి.

ప్యాడ్లు మార్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. కంపెనీ ఏ రకం ప్యాడ్‌తో ఆ హెడ్‌ఫోన్‌ని ట్యూన్ చేసిందో అదే రకం తీసుకోండి. గుడ్డదా తోలుదా, తోలుకి చిల్లులు ఉన్నాయా లేవా, మందం ఎంత, లోపలి రంధ్రం ఎంత వెడల్పు అన్నవన్నీ సౌండ్‌ను మారుస్తాయి, అదీ కొద్దిగా కాదు, డాక్ మార్పుతో పోలిస్తే ఎన్నో రెట్లు. మెత్తగా ఉన్నాయని వేరే రకం ప్యాడ్లు వేసి, తర్వాత "ఈ హెడ్‌ఫోన్ నాకు సరిపడలేదు" అని అమ్మేసినవాళ్లను చూశాను. వాళ్లు అసలు ఆ హెడ్‌ఫోన్‌ని వినలేదు.

ఇక పవర్. "ఓమ్‌లు ఎక్కువైతే నడపడం కష్టం" అనే మాట అందరి నోటా ఉంది, అది సగం నిజం. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తీసుకోండి, 300 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి సుమారు 97 డెసిబెల్స్. మీది 60 ఓమ్‌లే. ఓమ్‌లు చూస్తే మీదే తేలిక అనిపిస్తుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. సంగీతంలో పెద్ద దెబ్బలు వచ్చినప్పుడు కూడా నలగకుండా 110 డెసిబెల్స్ పీక్ దాకా చోటు కావాలనుకుందాం. హెచ్‌డీ 600కి అది 13 డెసిబెల్స్ పైన, అంటే 20 మిల్లీవాట్లు. వోల్టేజ్ దాదాపు 2.5 వోల్టులు, కరెంట్ 8 మిల్లీయాంప్‌లు. మీ హెడ్‌ఫోన్‌కి 27 డెసిబెల్స్ పైన, అంటే 500 మిల్లీవాట్లు, సుమారు 5.5 వోల్టులు, 90 మిల్లీయాంప్‌లు. 20 ఎక్కడ, 500 ఎక్కడ! పాతిక రెట్లు. కష్టం ఓమ్‌లలో లేదు, సెన్సిటివిటీలో ఉంది, అందుకే కొనే ముందు ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మీ డాంగిల్ ఎంత ఇస్తుందో రాయలేదు కానీ ఆ సైజువాటిలో చాలా 1 వోల్ట్ దగ్గరే ఆగిపోతాయి. 1 వోల్ట్‌తో మీ హెడ్‌ఫోన్‌కి అందేది 17 మిల్లీవాట్లు కూడా కాదు, పీక్ 95 డెసిబెల్స్ అన్నమాట. అదే 1 వోల్ట్ మీద హెచ్‌డీ 600 అయితే 102 దాకా వెళ్తుంది. 95 పీక్ అంటే వినపడకపోవడమేమీ ఉండదు, గట్టిగా రికార్డ్ చేసిన పాటలు బాగానే మోగుతాయి. కానీ నెమ్మదిగా మొదలై ఒక్కసారి ఎగిసే సంగీతం, తక్కువ లెవెల్‌లో మాస్టర్ చేసిన, అంటే విడుదలకి సిద్ధం చేసిన, పాత రికార్డింగులు వింటే వాల్యూమ్ చివరిదాకా పెట్టినా ఇంకా కొంచెం కావాలనిపిస్తుంది. కాబట్టి యాంప్ మీకు నిజంగానే కావాలి. 60 ఓమ్‌ల దగ్గర 1 నుంచి 2 వాట్లు శుభ్రంగా ఇచ్చే యాంప్ ఏదైనా చాలు. స్పెసిఫికేషన్లలో 32 ఓమ్‌ల దగ్గర పవర్ ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేస్తారు, అది చూసి మోసపోకండి, మీ ఇంపీడెన్స్‌కి దగ్గరగా ఉన్న అంకె వెతకండి. బ్యాలెన్స్‌డ్ ఔట్‌పుట్ (ఒక్కో చెవికి రెండు యాంప్‌లు ఎదురెదురుగా పనిచేసేది) ఉంటే సిద్ధాంతం ప్రకారం వోల్టేజ్ రెట్టింపు, పవర్ నాలుగు రెట్లు, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. దానికంటే మించి బ్యాలెన్స్‌డ్‌లో మంత్రం ఏమీ లేదు.

అవసరమైనంత పవర్ అందాక ఇంకా పెంచితే సౌండ్ బాగుపడుతుందా అంటే, లేదు. బండిలో సరిపడా పెట్రోల్ ఉన్నాక ట్యాంక్ పెద్దదైతే స్పీడ్ పెరగదు కదా. క్లిప్ అవ్వకుండా, అంటే పెద్ద దెబ్బల తలలు తెగిపోకుండా, గరగరలు లేకుండా మీకు కావాల్సిన లెవెల్ అందితే యాంప్ పని అక్కడితో అయిపోయింది.

మీ ఐఈఎమ్ హిస్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. చాలా ఐఈఎమ్‌లు మిల్లీవాట్‌కి 110, 115 డెసిబెల్స్ ఇచ్చేస్తాయి, కాబట్టి ప్లేనార్‌లో అస్సలు వినపడని యాంప్ నాయిస్ వాటిలో సర్రుమంటుంది. యాంప్ ఎంత పెంచాలో చెప్పే గెయిన్ స్విచ్‌ని తక్కువ (Low) మీద పెట్టండి. అప్పటికీ ఉంటే ఆ యాంప్ దానికి కాదు, మీ చిన్న డాంగిలే దానికి సరైన జోడి. ఆ యాంప్ దానికి నప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు, ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే యాంప్ తన వైపు నుంచి పెట్టే అడ్డు. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే చిన్న డ్రైవర్లు వాడే ఐఈఎమ్‌ల ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీతో పాటు ఎగుడుదిగుడుగా మారుతుంది. ఉదాహరణకి ఒక చోట 10 ఓమ్‌లు, ఇంకో చోట 40 ఓమ్‌లు ఉన్న ఐఈఎమ్‌ని 10 ఓమ్‌ల ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న యాంప్‌కి పెడితే ఆ రెండు చోట్లకీ మధ్య 4 డెసిబెల్స్ తేడా కొత్తగా పుట్టుకొస్తుంది. 1 ఓమ్ యాంప్‌తో అదే తేడా 0.6. అందుకే యాంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదంటారు. మీ ప్లేనార్‌కి ఈ తలనొప్పి లేదు, ప్లేనార్ల ఇంపీడెన్స్ గీత గీసినట్టు సమంగా ఉంటుంది.

డాక్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, కొందరికి కోపం రావచ్చు. ఈ రోజుల్లో చక్కగా డిజైన్ చేసిన చిన్న డాక్‌ల నాయిస్, డిస్టార్షన్ చెవికి అందే హద్దు కంటే చాలా కిందే ఉంటున్నాయి. సీడీ ఫార్మాట్ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, దానికే దాదాపు 96 డెసిబెల్స్ డైనమిక్ రేంజ్ ఉంది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు హై రిజల్యూషన్ డిస్కుల సిగ్నల్‌ని మధ్యలో సీడీ నాణ్యతకి దించి, ఏది ఏదో చెప్పకుండా జనానికి వినిపించారు. 554 సార్లలో సరిగ్గా గుర్తుపట్టింది 276, నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. అందుకని 24 బిట్ ఫైళ్ల కోసం పరుగులు పెట్టకండి. లాస్‌లెస్ (ఏమీ పోకుండా కుదించిన ఫైలు) ఉంటే వాడుకోండి, మంచిదే, కొంత వదిలేసి కుదించే 256 కేబీపీఎస్ ఏఏసీ అయినా బాధపడాల్సిన పని లేదు. ఏ మాస్టర్ వింటున్నారన్నది మాత్రం పట్టించుకోండి. ఒకే పాట ఒక రిలీజ్‌లో హాయిగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది, ఇంకో రీమాస్టర్‌లో లౌడ్‌నెస్ కోసం పిండేసి గోడలా ఉంటుంది. ఆ తేడా ఏ డాక్ తేలేదు, ఏ డాక్ సరిచేయలేదు. బ్లూటూత్ అయితే ఎల్‌డాక్ (LDAC) అనే కోడెక్ కూడా గరిష్ఠంగా 990 కేబీపీఎస్, సీడీ డేటా 1411. నడుస్తూ వినడానికి అది చాలు, కూర్చుని వినేటప్పుడు వైరు పెట్టుకోండి.

డాక్ కంటే ముందు లాప్‌టాప్ సెట్టింగ్స్ చూడండి, అక్కడ నిజంగా దొంగలు ఉంటారు. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్", స్పేషియల్ సౌండ్, లాప్‌టాప్ కంపెనీ వేసిన బేస్ బూస్ట్ యాప్ ఇలాంటివన్నీ ఆపేయండి. ప్లేయర్‌లో కూడా పాత ఈక్యూ ప్రీసెట్ ఏదైనా ఆన్‌లో మిగిలిపోయిందేమో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌తో వింటుంటే, కొన్ని డాంగిల్స్ అక్కడ పూర్తి వాల్యూమ్ ఇవ్వవు, అదే డాంగిల్ లాప్‌టాప్‌లో గట్టిగా మోగి ఫోన్‌లో నీరసంగా ఉంటే కారణం అదే. ఎడమ కుడి తారుమారు అయ్యాయేమో కూడా ఒకసారి చూసుకోండి, విప్పి పెట్టే కేబుళ్లతో ఇది తరచూ జరుగుతుంది.

ఏ రెండింటిని పోల్చినా ముందు వాల్యూమ్ సమం చేయండి. కొంచెం గట్టిగా మోగిందే మనకు "బాగుంది" అనిపిస్తుంది, అది మన తప్పు కాదు, వినికిడి తీరే అంత. 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిందీ దీనికి దగ్గరి విషయమే, లెవెల్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతా వాటికంటే ఎక్కువగా తగ్గిపోతుంది. అంటే ఒక యాంప్‌ని 2 డెసిబెల్స్ తక్కువగా వింటే అది చిన్నగా ఉందని అనిపించదు, పల్చగా ఉందని అనిపిస్తుంది. నేను పోల్చేటప్పుడు మల్టీమీటర్ వాడతాను. 60 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే యాంప్ ఔట్‌పుట్ ఏసీ వోల్టేజ్ చూసి, రెండో యాంప్‌ని అదే అంకెకి తెస్తాను. 1 కిలోహెర్ట్జ్ టోన్ ఎందుకు పెట్టనంటే చవక మీటర్లు అక్కడ తప్పు అంకె చూపిస్తాయి, కరెంటు సప్లై ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రం నమ్మకంగా చూపిస్తాయి. రెండు వోల్టేజ్‌ల మధ్య తేడా 1 శాతం లోపు ఉంటే 0.1 డెసిబెల్ లోపు వచ్చినట్టు. ఇలా సమం చేశాక స్నేహితుడిని వైర్లు మార్చమని, ఏది పెట్టాడో చెప్పొద్దని అనండి. అంతకుముందు పగలూ రాత్రీ అంత తేడా ఉందనుకున్నవి ఎన్నో ఇక్కడ కలిసిపోతాయి. ప్యాడ్లు, ఈక్యూ, హెడ్‌ఫోన్లు మాత్రం కలవవు, కళ్లు మూసుకున్నా తెలిసిపోతాయి.

ఇప్పుడు ఈక్యూ. ఖరీదైన హెడ్‌ఫోన్‌కి ఈక్యూ వేయడం అవమానం అన్నట్టు మాట్లాడేవాళ్లు ఉన్నారు. నాకు ఆ లెక్క అర్థం కాదు. ఏ హెడ్‌ఫోన్ కూడా ప్రతి చెవికీ సరిగ్గా కుదరదు. మన చెవి గొట్టమే దాదాపు రెండున్నర సెంటీమీటర్ల పైపు, అది 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని సహజంగానే పెంచుతుంది. స్పీకర్ వింటున్నప్పుడు మెదడు ఆ పెరుగుదలకి అలవాటుపడి ఉంటుంది కాబట్టి హెడ్‌ఫోన్ కూడా దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. హర్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ 2013 నుంచి వరుసగా జనానికి వినిపించి, ఎక్కువమందికి ఏ రెస్పాన్స్ నచ్చుతుందో తేల్చారు. హర్మన్ కర్వ్ అంటున్నది అదే. 105 హెర్ట్జ్ కింద కొన్ని డెసిబెల్స్ బేస్ పెరుగుదల, 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక గుట్ట, అక్కడి నుంచి మెల్లగా దిగడం. పాడేవాళ్ల గొంతులు దూరంగా వినిపిస్తున్నాయన్నారు కదా, చాలా ప్లేనార్లలో 1.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య పల్లం ఉంటుంది, విశాలంగా అనిపించేదీ దాని వల్లే, గాయని వెనక్కి జరిగినట్టు అనిపించేదీ దాని వల్లే.

విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో అనే ప్రోగ్రామ్ ఉచితం, చాలు. హెడ్‌ఫోన్ల ఈక్యూ సెట్టింగ్‌లు ఉంచే ఆటోఈక్యూలో మీ మోడల్ వెతికితే కొలతల మీద ఆధారపడిన ఫిల్టర్లు దొరుకుతాయి. వాటిని యథాతథంగా వేసి కూర్చోకండి. 8 కిలోహెర్ట్జ్ పైన కొలతకి వాడిన బొమ్మ తలకీ మీ తలకీ పొంతన కుదరదు, అక్కడున్న సన్నని ఫిల్టర్లు మీ విషయంలో మేలు చేయొచ్చు, చెడగొట్టొచ్చు. వాటిని తీసేసి కింది ఫిల్టర్లు ఉంచండి. రెండు విషయాలు మర్చిపోకూడదు. ఒకటి, ఫిల్టర్లలో అన్నిటికంటే ఎక్కువ పెరుగుదల ఎంతో ప్రీయాంప్ గెయిన్‌ని, అంటే ఆ ప్రోగ్రామ్‌లోని మొత్తం లెవెల్‌ని, అంత మైనస్‌లో పెట్టాలి. బేస్ 6 పెంచితే ప్రీయాంప్ మైనస్ 6 కంటే కొంచెం కిందకి, లేకపోతే డిజిటల్ క్లిప్పింగ్ వచ్చి పెద్ద దెబ్బలు చిట్లుతాయి. ఈ తగ్గింపుని యాంప్ వాల్యూమ్‌తో తిరిగి పూడ్చుకుంటారు, బేస్ 6 డెసిబెల్స్ ఎక్కువైందంటే ఆ దెబ్బలకి నాలుగు రెట్లు పవర్. పైన 1 నుంచి 2 వాట్లు అన్నది ఇందుకే. రెండోది, ప్లేయర్‌లో వాసపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ గానీ ఆసియో గానీ (విండోస్ మిక్సర్‌ని తప్పించి నేరుగా డాక్‌కి పంపే దారులు) ఆన్ చేస్తే ఈక్వలైజర్ ఏపీవో పక్కకి తప్పుకుంటుంది, సిగ్నల్ దాన్ని తాకకుండానే వెళ్లిపోతుంది. "ఈక్యూ వేసినా తేడా లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. మీరు ఎక్స్‌క్లూజివ్ ఆన్ చేశానని గర్వంగా రాశారు, ఈక్యూ పెట్టే రోజున దాన్ని ఆపేయండి.

ట్రెబుల్ గుచ్చుతున్న చోటు మాత్రం చెవితోనే పట్టుకోవాలి. కీలెరిగి వాత పెట్టమన్నారు, ట్రెబుల్ మొత్తం తగ్గిస్తే తాళాల మెరుపు, తంబూర తీగ మీది సన్నని జీర కూడా పోతాయి. వాల్యూమ్ తక్కువలో పెట్టి 2 కిలోహెర్ట్జ్ నుంచి 10 దాకా సైన్ టోన్‌ని మెల్లగా జరుపుతూ వెళ్లండి, ఒక చోట టోన్ హఠాత్తుగా ముందుకొచ్చి చెవిలో సూది దింపినట్టుంటుంది. ఆ ఫ్రీక్వెన్సీ రాసుకోండి. ఇప్పుడు కప్పుని ఒక సెంటీమీటర్ ముందుకి, తర్వాత వెనక్కి జరిపి మళ్లీ వినండి. పీక్ వేరే చోటికి వెళ్లిపోతే అది హెడ్‌ఫోన్ పెట్టుకున్న తీరు వల్ల వచ్చింది, దానికి ఫిల్టర్ వేయకండి, చెవి కప్పు మధ్యలోకి వచ్చేలా పెట్టుకోవడం నేర్చుకోండి. కదలకుండా అక్కడే ఉంటే క్యూ (ఫిల్టర్ ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 4 దగ్గర పెట్టి 3 డెసిబెల్స్ తగ్గించి, "స", "శ" ఎక్కువగా ఉన్న పాట ఒకటి వినండి. నా దగ్గరున్న దానికి 5.6 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 4 అవసరమైంది. ఆ ఒక్క ఫిల్టర్‌తో, అంతవరకు అరగంటకి తీసేసే హెడ్‌ఫోన్‌ని రెండు గంటలు పెట్టుకోగలిగాను, ఏ యాంప్‌తోనూ నాకు ఆ సుఖం దక్కలేదు.

కేబుల్ గురించి ఒక్క ముక్క. వెండి కేబుల్‌కీ రాగి కేబుల్‌కీ రెసిస్టెన్స్ తేడా ఓమ్‌లో చిన్న భాగం, మీ 60 ఓమ్‌ల సమతల ఇంపీడెన్స్ మీద దాని ప్రభావం చెవికి అందేది కాదు. ఇప్పుడున్నది మరీ బిరుసుగా ఉన్నా, చొక్కాకి రాసుకుని గరగరమన్నా, ప్లగ్ వదులైనా మార్చండి. సౌండ్ కోసం అయితే వద్దు.

వాల్యూమ్ విషయంలో మాత్రం మీ గురించి నాకు నిజంగానే టెన్షన్. బేస్ పల్చగా ఉందని మీరు నాబ్ తిప్పుతూ పోతున్నారని రాసిన తీరులోనే తెలుస్తోంది. పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. అమెరికాలో పని చోట్ల భద్రత చూసే నియాష్ లెక్కలో 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది, 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. ఓపెన్ బ్యాక్ బయటి చప్పుడు ఆపదు కాబట్టి ఫ్యాన్ గోల ఉన్న గదిలో తెలియకుండానే వాల్యూమ్ పెరిగిపోతుంది. గది నిశ్శబ్దంగా ఉన్న వేళ వినండి, సగం వివరాలు అక్కడే దొరుకుతాయి. విన్నాక చెవిలో గుయ్‌మని మోగితే, అది ఎంత చిన్నదైనా, ఆ రోజుకి ఆపేయండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. ఈ రాత్రి 50 హెర్ట్జ్ పరీక్ష, సెట్టింగ్స్ శుభ్రం చేయడం. రేపు కంపెనీ ప్యాడ్లు ఆర్డర్ పెట్టండి. అవి వచ్చేలోపు స్నేహితుడి యాంప్ రెండు రోజులు తెచ్చుకుని మీ ప్లేనార్‌తో వినండి, వాల్యూమ్ సమం చేసి. ఈ లోపల తొందరపడి పాత ప్యాడ్ల మీద ఈక్యూ చేసి ఉంటే, కొత్తవి బిగించగానే ఆ ఫిల్టర్లన్నీ తీసేసి మొదటి నుంచి చేయండి, లేకపోతే రెండింతల బేస్ వచ్చి మళ్లీ హెడ్‌ఫోన్‌నే తిట్టుకుంటారు. కప్పుని నొక్కినా నొక్కకపోయినా ఆ 50 హెర్ట్జ్ టోన్ ఒకేలా వినిపిస్తే చాలు, ఈక్యూ పని అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. అప్పటికీ గుచ్చుతుంటే మీకు దొరికిన ఫ్రీక్వెన్సీ ఎంతో, కప్పు జరిపితే కదిలిందో లేదో రాయండి, చూసి చెబుతాను.